గరిక మింద చలిగడ్డి

కార్తీకం దాటినాక
చిత్తూరు పెరేడ్ మైదానంలో గరిక
ముసలోళ్ల మీసం రంగుకొస్తాది.
సచ్చినట్టుంటాది. సావదు.
ఆ సంగతి నాకు తెలుసు.
యాదమరి కాడ మా నాయన
శెనక్కాయ చేన్లో దాన్ని
గునపం పెట్టి మూరెడు లోతున తవ్వి
గట్టు మింద ఎండేసి, ఎండినాక కాల్చి,
బూడిద పడిన తావే అది మళ్లా మొలిస్తే
"నాకంటే మొండిముండ ఇది" అని నవ్వేటోడు.
చవితినాడు వినాయకుడికి
రెండు పోచలు పెరుక్కుంటానంటే
"రెండేంది, చేనంతా పెరుక్కోమ్మా" అనేటోడు.

ఇప్పుడు అదే గరికను కాపాడేదానికి
దినానికి నాలుగు నూర్లు నాకు.
నాయన బతికుంటే ఈ కూలి మాట నమ్మడు.

మేస్త్రీ దొరసామి సంచి విప్పినాడు.
రై గడ్డంట. చలిదేశం విత్తనం.
జీలకర్ర మాదిరి సన్నం,
ముక్కు కాడ పెడితే పాతబియ్యం వాసన.
"గరిక నిద్రబొయ్యే కాలానికి
దీన్ని పైన చల్లాల మొగిలమ్మా,
జనవరి ఇరవయ్యారున
కలెక్టరు జెండా ఎగరేసేటప్పుడు
నేల పచ్చగా కనపడాల."
"నిద్రబొయ్యేదానికి దుప్పటి కప్పినట్టా?"
"దుప్పటి కాదు, పక్కన ఇంకోడిని పడుకోబెట్టినట్టు."
నీలావతి పకపక నవ్వేసరికి
దొరసామి చెవులు ఎర్రబడినాయి.

గరికను నున్నగా గొరిగినాం,
తలనీలాలిచ్చిన బిడ్డ నెత్తి మాదిరి.
పళ్లగొర్రుతో గీకినాం, మన్ను తేలేదాకా.
విత్తనంలో ఏటి ఇసక కలిపి
తూర్పు నుంచి పడమరకు ఒక తూరి,
అడ్డంగా మళ్లా ఒక తూరి,
ముగ్గుపిండి ఇడిసినట్టు ఇడిసినాం.
ఎంత పడాలో చేతికి తెలుస్తాది.
కొలతడబ్బా దొరసామి కాడుంది,
దాన్నెవురూ అడగలేదు.

మూడో రాత్రి తుపాను.
నెల్లూరు కాడ తీరం దాటిందని
టీవీలో చెప్పేలోగా
మా విత్తనం మైదానం దాటింది.
జెండా దిమ్మె చుట్టూ బోడినేల.
గోడ బైట కాలవగట్టున మాత్రం
పదిదినాల్లో ఎట్ల మొలిచిందంటే,
పట్టుచీర అంచు పరిచినట్టు!
గౌసియా మేకలు మూతి ఎత్తకుండా మేసినాయి.
"గవర్మెంటు గడ్డి తిన్నందుకు కేసు పెడతారా?" అని
ఆయమ్మ భయపడతా అడిగితే
ముందు మేకల పేర్లు చెప్పమన్నాడు దొరసామి.

మళ్లా సంచి. మళ్లా గొర్రు.
ఈ తూరి పైన మాగిన పేడ పలచగా దులిపినాం.
దినానికి మూడు తూర్లు నీళ్లు,
పైపు మొనకు బొటనవేలు అడ్డం పెట్టి
తుంపర మాదిరి.
ఎనిమిదో పొద్దున మంచులో వంగి చూస్తే
పచ్చ కాదు,
పచ్చకి ముందుండే రంగొకటి.
మా ఊర్లో దానికి పేరు లేదు.

జెండా పండగ బాగా జరిగింది.
బూట్లు. బ్యాండు. పిల్లోళ్లకు చాక్లెట్లు.
ఎవురూ కిందికి చూడలేదు.
"పచ్చగా లేకుంటేనే చూస్తారు లేక్కా"
అన్నింది నీలావతి.
మర్నాటి నుంచి ట్యాంకరు రాలేదు.

శివరాత్రికి చలి శివశివా అనుకుంటా పోయింది.
రై గడ్డి కొసలు మాడినాయి గానీ
మొదట్లో ఇంకా ఒత్తుగానే ఉండాది.
"మట్టానికి కోసెయ్యండి,
దీని నీడలో కిందిది లెయ్యలేదు."
కోసినాం,
నీళ్లు పోసిన చేతుల్తోనే.
కోసిందంతా గౌసియాకి పంపినాం
మేకల పేర్లు అడక్కుండా.

ఆ సాయంత్రమే మా లెక్క కూడా తేల్చినారు.
మళ్లా కార్తీకం దాటినాక రమ్మన్నారు.

పోతా పోతా దిమ్మె కాడ మోకాళ్లూని
ఎండుపోచల్ని పక్కకు తోసినా.
కణుపు కాడ ఒకటి,
సూదిమొనంత.
పాత అలవాటుకి
చెయ్యి దాన్ని పెరకబోయింది.

పెరకలేదులే నాయనా.
బస్సుకి టైమయింది.